మా పెరటి రేగడి

చాందా అనగానే మన వాళ్ళకు బొగ్గు జ్ఞాపకం వస్తుంది. తరువాత మహాకాళి జాతర, ఆ తరువాత మే నెల ఎండ. 1964లో చంద్రపూర్ అని పేరు మారినా, మా యింట్లో అమ్మ నోట నేటికీ అది చాందాయే. బల్లార్షా మీదుగా రైలెక్కి దక్షిణానికి పోయే చుట్టాలను సాగనంపేటప్పుడు "చాందాల మట్టి మంచిది కాదమ్మా" అని ఆమె చాలా యేళ్ళుగా చెపుతూ వచ్చింది. ఆ మాట ఆమె మానేసిన కథ యిది. కథ అన్నాను గాని, యిందులో ఎక్కువ భాగం మట్టీ, పేడా, గడ్డపారా. ఇష్టం లేనివారు పేజీ తిప్పవచ్చును, నేనేమీ అనుకోను.

నేనొక కార్యాలయంలో గుమాస్తాను. మెట్రిక్ తోనే చదువు ఆగిపోయింది, అదీ మరాఠీ బడిలో. తెలుగు చదవడం, వ్రాయడం అమ్మ దగ్గర నేర్చుకున్నవే. వ్యవసాయం మా వంశంలో వున్నదే కాని నా చేతుల్లో లేదు. మా నాన్న కరీంనగర్ వైపు చెలక భూముల వూరొకటి విడిచి, 1974లో ఇక్కడి బొగ్గు గనిలో పనికి చేరాడు. గనుల జాతీయకరణ జరిగి అప్పటికి ఒక్క సంవత్సరమే. మన సంఘంలో సగం కుటుంబాల కథ యిదే గదా. మిగిలిన సగంలో కొందరు కాగితపు మిల్లు పుణ్యమా అని బల్లార్‌పూర్‌కు వచ్చినవారు, కొందరు సిరొంచ వైపు నుంచి వచ్చినవారు. రాజురా వారైతే ఎక్కడికీ రానే లేదు. 1956 వరకు వారి తాలూకా హైదరాబాదు రాజ్యపు ఆదిలాబాదు జిల్లాలో వుండేది. వారు కూర్చున్న చోటనే కూర్చున్నారు, జిల్లాలు వారి మీదుగా నడిచిపోయినవి.

నాన్న గని క్వార్టరులో వుండగా మొరం నేల మీద ఒక కరివేపాకు చెట్టు పెంచాడు. అమ్మ పుట్టింటి వెనుక వున్న చెట్టు పిలక అది. క్వార్టరు విడిచినప్పుడు చెట్టు అక్కడే వుండిపోయింది. 2015 దీపావళికి మేము ఇరై నది వైపు కట్టుకున్న యింట్లోకి వచ్చాము. నాన్న అప్పటికి లేడు. ఆయన పింఛను సొమ్ముతో, ఆయన కొనిపెట్టిన స్థలంలో కట్టిన యిల్లు. వెనుక ముప్ఫై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు పెరడు. మట్టి చూస్తే కాటుకలా నల్లన. నేను మురిసిపోయాను. నల్లటి మట్టి అంటే సారవంతమని పిల్లకాయలకు కూడా తెలుసును గదా!

అమ్మ మాత్రం ఒక పిడికెడు తీసి నలిపి, పారవేసి, "ఇది పత్తి మట్టి రా కొడుకా. చెట్టుకు పనికి రాదు" అన్నది.

ఈ రేగడిని గురించి ఒక మాట చెప్పి ముందుకు పోతాను. ఇంగ్లీషు భూగోళ పుస్తకాల్లో దీన్ని 'రెగుర్' అని వ్రాస్తారు. ఆ మాట మన 'రేగడి' నుంచే పోయింది. నల్లమట్టికి ప్రపంచమంతా వాడే పేరు తెలుగువాళ్ళది; దానిలో కరివేపాకు బతికించుకోవడం మాత్రం నాకు చేతకాలేదు. దక్కను పీఠభూమి మీద కోట్ల యేళ్ళ నాటి లావా రాయి చివికి యీ మట్టి అయింది. మన జిల్లా అంతటా ఒకే మట్టి వుండదు. వరోరా, భద్రావతి, రాజురా, కొర్పనా వైపులు నల్లనివి, పత్తి పొలాలు. తూర్పున మూల్, బ్రహ్మపురి వైపు పోతే పసుపు, ఎరుపు కలిసిన వరి నేలలు, చెరువులు. పాత రెవెన్యూ లెక్కల్లో కన్హార్, మోరండ్, ఖర్డీ, బర్డీ అని వీటికి వేరువేరు పేర్లున్నవి. అన్నిటికంటె బరువైన నల్లమట్టి కన్హార్. మా పెరడు అదే.

2016లో అమ్మ పుట్టింటికి పోయి ఒక పిలక తెచ్చింది. మిరుగం నాడు నాటింది. ఆగస్టు వచ్చేసరికి ఆకులు పసుపై రాలినవి. పెరికి చూస్తే వేళ్ళు నల్లబడి కుళ్ళిన వాసన వేసింది. వానకు మట్టి వుబ్బి నీటిని కిందికి పోనీయలేదు, వేరుకు గాలి ఆడలేదు. ఆ సంగతి నాకు తరువాత తెలిసింది. అప్పుడు మాత్రం పురుగు తిన్నదని మందు చల్లాను.

వేసవిలో ఆ మట్టిలోనే నెర్రెలు విచ్చినవి. మా వాడి క్రికెట్టు బంతి ఒక నెర్రెలో పడి, చెయ్యి మోచేతి దాకా పెట్టినా అందలేదు. చాందాలో మే నెలలో 47 డిగ్రీలు దాటడం కొత్త కాదు. ఆ ఎండకు నెర్రె ఒక్కొక్కటి వెడల్పై, దాని అంచున వున్న మొక్కల వేళ్ళను లాగి తెంపుతుంది. వానాకాలం ముంచి చంపేది, ఎండాకాలం చీల్చి చంపేది. రెండూ ఒకే మట్టి చేసే పనులు.

మా కార్యాలయంలో ఒక పెద్దమనిషి సలహా యిచ్చాడు: "బంక మట్టి అయితే యిసుక కలపవయ్యా, సమపాళం అవుతుంది." విన్నవాళ్ళంతా తల వూపారు. నాకు లెక్క సరిపోయినట్టే కనిపించింది. 2017 వేసవిలో ఒక బ్రాసు యిసుక, అంటే నూరు ఘనపుటడుగులు, మూడున్నర వేలు పోసి కొన్నాను. నలుగురం కలిసి పరిచాము. రెండంగుళాల మందం వచ్చింది. పలుగులతో తవ్వి కలిపి నీళ్ళు కొట్టాము. మొదటి వారం భలేగా కనిపించింది. రెండు వానలు పడి, నాలుగు రోజులు ఎండ కాసేసరికి ఆ మడి అంతా గచ్చు చేసినట్టు బిగుసుకున్నది. గడ్డపార దింపితే ఠంగుమన్నది. ఆ యేడు అమ్మ నాటిన రెండవ పిలక దసరా చూడలేదు.

తరువాత కూర్చుని లెక్క వేశాను. గుమాస్తా బుద్ధి ముందు పనిచేయదు, డబ్బు పోయిన తరువాత పనిచేస్తుంది. మా పెరడు ఆరు వందల చదరపుటడుగులు. ఒక అడుగు లోతు మట్టి అంటే ఆరు వందల ఘనపుటడుగులు. రేగడిలో బంకపాలు సామాన్యంగా సగానికి అటూ యిటూ వుంటుంది. దాన్ని సగానికి తగ్గించాలంటే ఆ మట్టికి దాదాపు సమంగా, ఆరు బ్రాసుల యిసుక పొయ్యాలి. ఇంచుమించు పాతిక టన్నుల పైమాట. నేను పోసింది ఒక్క బ్రాసు. అంత తక్కువ యిసుక పడితే యిసుక రేణువుల సందుల్లో బంక దూరి, సున్నంలో కంకర కలిపినట్టు గట్టిపడుతుందే గాని విడదీయదు. చేసినవాడికి తెలుస్తుంది, సలహా యిచ్చినవాడి పెరట్లో ఎర్రమట్టి వున్నదని తరువాత తెలిసింది.

అమ్మ యేమీ అనలేదు. "ఎందుకు రా, నాయిన పైసలు మట్టిల పోస్తున్నవు" అని ఒక్కసారి మాత్రం అన్నది. ఆ మాట చాలు.

2018లో అమ్మ పుట్టింటివారు యిల్లు అమ్మివేశారు. కొన్నవాడు వెనుక చెట్లన్నీ కొట్టించి గోడ లేపుతాడని తెలిసి, అమ్మ వెళ్ళి చివరి పిలకను తవ్వి తెచ్చింది. తెచ్చి పెరట్లోకి పోలేదు. వసారాలో ఒక పాత నూనె డబ్బాకు అడుగున చిల్లులు పొడిచి, రోడ్డు పని దగ్గరి మొరం, ఎరువు కలిపి అందులో పెట్టింది. "దీన్ని ఆ మట్టిల పెట్టనియ్య. ఈ భూమి మనల్ని ఒప్పుకుంటలేదు" అన్నది. నా చెల్లెలు హైదరాబాదులో వుంటుంది. యిల్లు అమ్మి అక్కడికే పోదామనే మాట మొదటిసారి ఆ రోజునే యింట్లో వచ్చింది. గోడకు కూడా ఒక చీలిక వచ్చి వుండడంతో ఆ మాటకు బలం చేరింది. ఆ చీలిక కూడా రేగడి పనే. వానకు వుబ్బి, ఎండకు కుంచించుకుని, పునాదిని యేటేటా ఎత్తి దించుతుంది.

ఆ యేడే ఇంకొక తప్పు చేశాను. మూల్ వైపు రైసు మిల్లుల్లో వూక దొరుకుతుంది. బస్తాలకు బస్తాలు తెచ్చి మట్టిలో పచ్చిగానే కలిపివేశాను. మట్టి గుల్లబారిన మాట నిజం. కాని వంకాయ మొక్కలు పాలిపోయి నిలబడిపోయినవి. పచ్చి వూక, రంపపు పొట్టు లాంటివి మట్టిలో చివికేటప్పుడు, వాటిని చివికించే సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని ముందు తామే తినివేస్తాయి, మొక్కకు మిగలనీయవు. వేరుశనగ పిండి నానబెట్టిన నీళ్ళు, పేడ నీళ్ళు పోస్తే నెల రోజులకు కొంత తేరుకున్నవి. కాయలు మాత్రం గోలీలంత కాసినవి.

మా పక్కింట్లో ఒక ఆజీ వుంటుంది. కొర్పనా వైపు పత్తి చేసిన కుటుంబం. కొడుకు వుద్యోగం కోసం యీ కాలనీకి వచ్చారు. మా రెండేళ్ళ భాగోతం గోడ మీద నుంచి చూస్తూనే వున్నది, కాని అడగని వారికి చెప్పే మనిషి కాదు. అక్టోబరులో ఒకనాడు, వాన వెలిసిన రెండో రోజున నేను పలుగు పట్టుకుని దిగగా, ఆమెకిక ఓపిక పట్టలేదు.

"బాళా, వాఫసా ఆల్యాశివాయ్ మాతీలా హాత్ లావూ నకోస్!"

వాఫసా! ముప్ఫై యేళ్ళు మరాఠీ మాట్లాడుతున్నాను, దరఖాస్తులు వ్రాస్తున్నాను, ఆ మాట విన్నాను కూడా. కాని దానికి ఎప్పుడూ అర్థం అడగలేదు. అమ్మ వసారాలో కూర్చుని బియ్యం ఏరుతున్నది. ఆమెకు మరాఠీ నాకంటె తక్కువ వచ్చును. తల ఎత్తకుండా, "పదును రా. పదును వచ్చిందాక మట్టి ముట్టొద్దని అంటున్నది" అన్నది. ఇద్దరు ముసలమ్మలకు, రెండు భాషల్లో, ఒకే సంగతి తెలుసును. మధ్యన మెట్రిక్ చదివిన నాకే తెలియలేదు.

పదును అంటే యేమిటో ఆజీ చేసి చూపించింది. జానెడు లోతు నుంచి ఒక పిడికెడు మట్టి తీసి పిడిచింది. ముద్ద అయింది. నడుము ఎత్తు నుంచి వదిలింది. తప్పున పడి అలాగే నిలిచింది. "ఇంకా నాలుగు రోజులు" అన్నది. నాలుగు రోజుల తరువాత అదే పని చేస్తే ముద్ద పడి చిట్లి గుల్లగా చెదిరింది. ఆ రోజున పలుగు పెడితే మట్టి అటుకుల్లా విరిగింది. ఇంకొక వారం ఆలస్యం చేస్తే మళ్ళీ రాయి అవుతుంది. రేగడికి పదును వుండేది కొద్ది రోజులే, ఆ కొద్ది రోజులే దాన్ని ముట్టవలసినది. తడిగా వుండగా తవ్వినా, తొక్కినా లోపలి గాలి సందులన్నీ మూసుకుపోయి, ఎండినప్పుడు పెళ్ళలు కడుతుంది. నేను రెండేళ్ళుగా ఆదివారం సెలవు గనుక ఆదివారమే తవ్వుతూ వచ్చాను. మట్టికి ఆదివారం తెలియదు.

ఆ చలికాలం పుస్తకాలు, కాగితాలు కొంత తిరగవేశాను. సిందేవాహి కృషి విజ్ఞాన కేంద్రం మన జిల్లాలోనే వున్నది. అకోలాలోని పంజాబ్‌రావ్ దేశ్‌ముఖ్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి సంబంధించినది. మట్టి పరీక్ష చేయించి చూస్తే క్షారపు లెక్క 8.1 వచ్చింది. సున్నం బాగానే వున్నది, సోడియం ఎక్కువ లేదు, సేంద్రియ కర్బనం మాత్రం అర శాతం కూడా లేదు. ఇది చూసి నేను విస్తుపోయాను. నల్లగా వున్నది గనుక కుళ్ళిన ఆకూ అలమూ నిండా వుంటుందని అనుకున్నానా! రేగడి నలుపు వేరు, సారపు నలుపు వేరు. జిప్సం వెయ్యమని ఎవరో చెప్పి వున్నారు. జిప్సం సోడియం పట్టిన చవుడు నేలలకు మందు. సున్నం వున్న మామూలు రేగడికి దానితో పెద్దగా ఒరిగేది లేదు. ఆ ఖర్చు తప్పింది. పరీక్ష చేయించకుండా దాన్ని కొనవద్దని మాత్రం చెపుతాను. విద్యుత్తు కేంద్రపు బూడిద కలిపితే గుల్లబారుతుందని కూడా యిక్కడ అంటూ వుంటారు. గుల్లబారవచ్చును. కాని ఆ బూడిదలో కొద్దికొద్దిగా భార లోహాలు వుంటాయి, పరీక్ష లేకుండా తినే కూరల మడిలో వేయడానికి నాకు చేతులు రాలేదు.

మట్టి ఎందుకు వుబ్బుతుందో కూడా అప్పుడే చదివాను. ఇందులోని బంకలో ముఖ్యమైనది మాంట్‌మొరిల్లోనైట్ అనే ఖనిజం. ఫ్రాన్సులోని ఒక వూరి పేరట అది. పేక ముక్కల దొంతిలా పలుచని రేకులు. రేకుల నడుమకు నీరు పోతే దొంతి లావెక్కుతుంది, ఎండితే అణగుతుంది. ఎండలో విచ్చిన నెర్రెల్లోకి పై మట్టి రాలిపడి, వానకు మళ్ళీ వుబ్బి, యేళ్ళ మీద కింది మట్టి పైకీ పై మట్టి కిందికీ తిరుగుతుంది. అంటే యీ భూమి తనను తానే దున్నుకుంటుంది. అందుకే శాస్త్రజ్ఞులు దీనికి తిరిగేది అనే అర్థం వచ్చేట్టు 'వర్టిసాల్' అని పేరు పెట్టారు.

నాకు ధైర్యం చెప్పినది మాత్రం ఇండోరు సంగతి. ఆల్బర్ట్ హోవర్డ్ అనే ఆంగ్లేయుడు 1924 నుంచి 1931 దాకా ఇండోరులో, మాళవపు నల్లరేగడి మీదనే పనిచేశాడు. చెత్త, పేడ, పశువుల మూత్రం తడిసిన మట్టి, కట్టె బూడిద పొరలు పొరలుగా వేసి, మూడు సార్లు తిరగవేసి, మూడు నెలల్లో ఎరువు చేసే పద్ధతిని యశ్వంత్ వాద్ గారితో కలిసి 1931లో పుస్తకంగా వెలువరించాడు. కంపోస్టు అంటే యెక్కడిదో విదేశీ విద్య అనుకుంటాము. మనకు రైలులో ఒక రాత్రి దూరంలో, మన మట్టి మీదనే పుట్టిన విద్య అది. ఆయనకు గురువులు అక్కడి రైతులేనని ఆయనే ఒప్పుకున్నాడు.

నేను కూడా గొయ్యి తవ్వాను. నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల లోతు. తొలి వానకే అది బావి అయింది! రేగడిలో తవ్విన గొయ్యి కింద నీరు ఇంకదు గదా. వానాకాలంలో నేల పైన కుప్ప వెయ్యాలని హోవర్డ్ పుస్తకంలోనే వున్నది, నేను ఆ పుట దాకా రాలేదు. ఇప్పుడు వేసవిలో గొయ్యి, వానల్లో కుప్ప. వేపాకు, ఎండిన గడ్డి, వంటింటి తొక్కలు, పాలవాడి దగ్గరి పేడ, నిరుడు మిగిలిన వూక. వూక యిప్పుడు కుప్పలో చివికి గాని మడికి రాదు.

అమ్మ తన వూరి పద్ధతి చెప్పింది: చెరువు మట్టి తోలుకుని వెయ్యమని. తెలంగాణాలో చెలక రైతులు వేసవిలో చెరువు పూడిక తోలుకునేది నిజమే. 2015లో మిషన్ కాకతీయ మొదలైన తరువాత మరింతగా తోలుకున్నారు. కాని నీరు నిలవని ఎర్రని యిసుక నేలకు అది అమృతం. మాకు అప్పటికే బంక ఎక్కువ, దాని మీద యింకా బంక వేసినట్టు అవుతుంది. ఈ మాట అమ్మకు చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆమె విని, "అయితే మా వూరి మట్టికి యిది లేక, దీనికి అది లేక అన్నట్టు" అని ఊరుకున్నది. చెరువుల మాట వచ్చింది గనుక: పాత గోండు రాజులు చెరువు కట్టినవాడికి ఆ నీరు పారిన భూమిని సనదు వ్రాసి యిచ్చేవారని చరిత్ర వ్రాసినవారు చెపుతారు. దానికి తుకుం అని పేరు. వూళ్ళో తుకుం అనే పేట వున్నది. మనవాళ్ళు ఎందరో అక్కడ కాపురం వుంటూ ఆ పేరు ఎందుకు వచ్చిందని అడగరు.

2019లో పెరడంతా జనుము చల్లాను. నలభై అయిదు రోజులకు, పూత పట్టే వేళకు, కోసి ముక్కలు చేసి మట్టిలో కలిపాను. జనుము వేరు లోతుకు దిగి బంకను చీలుస్తుంది, చివికి సందులు విడుస్తుంది. అప్పుడు మడులు ఎత్తు చేశాను. ఈ విద్య మాత్రం మన పటాన్‌చెరువుది. హైదరాబాదు దగ్గర 1972లో స్థాపించిన ఇక్రిశాట్ వారు, వానాకాలంలో రేగడిలో నీరు నిలిచి పంట చచ్చే కష్టానికి వెడల్పైన ఎత్తు మడులు, నడుమ కాలువలు అనే పద్ధతిని ఆ దశాబ్దంలో తీర్చిదిద్దారు. మడి, కాలువ కలిసి అయిదడుగులు. నూరడుగులకు అర అడుగు వాలు వుంటే చాలు, నీరు మెల్లగా పోతుంది, మట్టి కొట్టుకుపోదు. మన విదర్భలో సోయా రైతులు యిప్పుడు ట్రాక్టరుతో వేసేది అదే. నేను పెరటికి తగినట్టు మూడున్నర అడుగుల మడి, తొమ్మిది అంగుళాల ఎత్తు పెట్టుకున్నాను. కాలువల్లోనే నడవాలి, మడి మీద కాలు పెట్టరాదు. ఈ కట్టడి మొదట్లో పిల్లలకు ఆటగా, మా ఆవిడకు చాదస్తంగా తోచింది. ఇప్పుడు చుట్టాలు వస్తే వారే అరుస్తారు.

గోడ చీలిక సంగతి కూడా చూడవలసి వచ్చింది. గోడకు అయిదడుగుల దూరంలో మడులు ఆపి, ఆ మేర మొరం వేసి, చూరు నీళ్ళు గొట్టంలో వీధి కాలువకు తోలాను. చీలిక మూసుకోలేదు. పెరగడం మాత్రం ఆగింది.

ప్రతి వేసవి చివర, రోహిణి కార్తెలో మూడంగుళాల కంపోస్టు. దసరా తరువాత పదును చూసి యింకొక రెండంగుళాలు. మార్చి నుంచి మడుల మీద వరిగడ్డి కప్పుతాము, ఎండ నేరుగా తగలక నెర్రెలు సన్నగిల్లినవి. 2020లో అందరం యింట్లోనే వుండిపోయిన ఆ నెలల్లో నేను చేసిన పని ఒక్కటే, కుప్ప తిరగవెయ్యడం. ఆ యేడు మొదటిసారి వానపాములు కనిపించినవి. మా వాడు "అవ్వా, ఎర్రలు!" అని కేక వేస్తే అమ్మ వసారా దిగి వచ్చింది. పెరట్లో కాలు పెట్టి రెండేళ్ళు దాటి వుంటుంది. ఒంగి మట్టి తీసుకున్నది. నలిపింది. ఈసారి పారవెయ్యలేదు, తిరిగి మడిలోనే వేసింది. ఏమీ అనలేదు.

ఒక పరీక్ష చెపుతాను, ఎవరైనా చేయవచ్చును. అడుగు లోతు గుంట తీసి నీళ్ళు నింపి, ఇంకిపోయిన తరువాత మళ్ళీ నింపి, ఎంత సేపటికి ఇంకుతుందో చూడాలి. 2017లో మా పెరట్లో రెండు పగళ్ళు, రెండు రాత్రులు పట్టింది. 2021 వేసవిలో పొద్దున నింపితే మధ్యాహ్నం భోజనాల వేళకు అడుగు కనిపించింది. ఆ గుంట వద్ద నేను అమ్మను కుర్చీ వేసి కూర్చోబెట్టాను. మధ్యలో ఆమె కునుకు తీసింది గాని లేచి వెళ్ళలేదు.

మిరుగం నాడు అమ్మే చెప్పింది, డబ్బా తీసుకురమ్మని. మూడేళ్ళు డబ్బాలో వున్న పిలక చేతి కర్రంత అయి, వేళ్ళు చిల్లుల్లోంచి బయటికి వచ్చి వున్నవి. మడి చివర ఒకటిన్నర అడుగుల ఎత్తు దిబ్బ చేసి వుంచాను. అమ్మ డబ్బా కోయించి, తన చేత్తో నాటింది. ఆజీ గోడ మీద నుంచి చూస్తూ, దిబ్బ యింకొంచెం వెడల్పు చెయ్యమని పని చెప్పింది.

మరుసటి సంవత్సరం, 2022 జూలైలో వానలు మీకు జ్ఞాపకం వుండే వుంటవి. ఇరై పొంగి నది దగ్గరి పేటల్లోకి నీరు వచ్చింది, జనం యిళ్ళు విడిచి పోయారు. మా వీధి మొదటి వరకు నీరు వచ్చి ఆగింది. పెరట్లో కాలువలు మూడు రోజులు నిండి నిలిచినవి. ఆ మూడు రాత్రులు అమ్మ టార్చిలైటు పట్టుకుని వెనుక తలుపు దగ్గర నిలబడి దిబ్బ మీద వెలుగు వేసి చూసేది. "అమ్మా, పడుకో" అంటే "నువ్వు పడుకో" అనేది. దీనికంటె పెద్ద కష్టాలు వూళ్ళో ఎందరికో వచ్చినవి. వరద వచ్చిన యిళ్ళ వారికి అన్నం పొట్లాలు కట్టినప్పుడు, అదే అమ్మ నూరు మంది పులిహోర పోపు వేసింది. కాని ఆ పిలక పోతే మరొకటి తేవడానికి వూళ్ళో చెట్టూ లేదు, యిల్లూ లేదు. నాలుగో నాడు నీరు తీసింది. దిబ్బ అంచు కొంత జారింది. చెట్టు నిలబడే వున్నది.

ఆ తరువాత ఆకులు ఒకసారి పసుపుబారినవి, ఈనెలు మాత్రం పచ్చగా వుండి. సున్నపు నేలల్లో యినుము అందక వచ్చే జబ్బు అది. మన ఆడవాళ్ళు కరివేపాకుకు పుల్లటి మజ్జిగ పోసేది వూరికే కాదు కాబోలు. మేము మజ్జిగా పోశాము, దుకాణంలో దొరికే యినుప మందూ ఆకుల మీద చల్లాము. దేనివల్ల తిప్పుకున్నదో అమ్మకూ నాకూ నేటికీ తగవే.

ఇప్పుడు చెట్టు వసారా చూరు దాటింది. మడుల్లో గోంగూర, బెండ, చిక్కుడు దివ్యంగా వస్తవి. రేగడి ఒకసారి మాట వింటే నీటిని దాచుకుని పోషించే తీరు చెలకకు రాదు. వారానికి రెండు తడులు చాలు మార్చి దాకా. ముల్లంగి, క్యారెట్టు మాత్రం వంకరలు తిరిగి నవ్వు పుట్టిస్తవి. వాటికి యింకా రెండు మూడేళ్ళ ఎరువు పడాలి.

ఇల్లు అమ్మే మాట నిరుడు చెల్లెలు మళ్ళీ ఎత్తింది. అమ్మకు డెబ్బై నాలుగు. అక్కడ పెద్ద ఆసుపత్రులు వున్నవి, మనుమరాలు వున్నది. చెల్లెలి మాటలో న్యాయం లేకపోలేదు. అమ్మ అంతా విని, "చెట్టును డబ్బాల పెట్టి తీసుకపోతవా?" అని అడిగింది. ఫోనులో కాసేపు మాట వినిపించలేదు. ఆ మాట అంతటితో ఆగి వున్నది, తేలలేదు.

చెట్టు చుట్టూ యిప్పుడు పిలకలు లేస్తున్నవి. ఒకటి ఆజీ యింటికి, ఒకటి చెల్లెలి యింటి డాబా మీదికి పోయినవి. ఇంకా నాలుగు వున్నవి. మన సంఘం వారిలో కావలసినవారు మిరుగానికి ముందుగా వచ్చి తీసుకుపోవచ్చును. రేగడి పెరడు వున్నవారు దిబ్బ చేసుకుని రండి. వాన వెలిసిన మరునాడు మాత్రం రావద్దు, అమ్మ మట్టిలో కాలు పెట్టనియ్యదు.